ఏరు దాటిన ఇల్లు

డ్రమ్‌గాలన్
12 జూలై 1936

దీలియాకు,

మీ వదిన సబీనా పోయింది. మంగళవారం పొద్దున పాలు పితికి లోపలికి వచ్చేసరికి పొయ్యి దగ్గర కుర్చీలో ఉంది. కెటిల్ మరుగుతోంది. ముందు కెటిల్ దించాను. తర్వాత పిలిచాను. గురువారం పూడ్చిపెట్టాం.

నీకు తంతి ఇవ్వలేదు. ఇచ్చినా మీ గుడి ఫాదర్‌ని జ్వరంలో వదిలి రాలేవు. వంట ఎవరు చేస్తారు ఆయనకి? కోపం వస్తే రానీ.

గుండె అన్నాడు డాక్టరు. ఏడాదిగా తుంటి కీలు పట్టేసి కుంటుతోందని తెలుసు గానీ గుండె సంగతి ఎవరూ అనలేదు. కీలుకి పూసుకునే మందు సగం సీసా మిగిలింది. ఆవు మోకాలికి రాద్దామని ఉంచాను.

చావింటి ఆనవాయితీగా గడియారం ఆపాను. అద్దానికి గుడ్డ కప్పాను. రెండు రాత్రులు శవం దగ్గర జాగారం. టీ, రొట్టె, పొగాకు ఎవరికీ తక్కువ కాలేదు. ఆ విషయంలో నాకు మాట రాదు.

మాట రావలసింది వేరేవాళ్ళకి. మంగళవారం మధ్యాహ్నం ఆడవాళ్ళు ఆమెకి ఇంకా బట్టలు సర్దుతున్నారు, ఏటికవతల లూక్ ఫీలీ గడ్డి కోసే మిషను చప్పుడు వినపడింది. కబురు అందలేదేమో అనుకున్నా. బుధవారం కూడా నడిచింది. వాడొక్కడే కాదు. డ్రమ్‌గాలన్‌లో మన ఇల్లు కాక ఆరిళ్ళు, ఆరిళ్ళూ గడ్డిలోనే ఉన్నాయి. మనకి ఇవతల కొరబెగ్ వాళ్ళూ కోశారు. వాళ్ళతో నాకు పని లేదు, ఆమె పుట్టిల్లు అయినా అది వేరే టౌన్‌ల్యాండ్, వేరే పొలిమేర. మరి మనవాళ్ళకేమొచ్చింది?

నాన్న పోయినప్పుడు గుర్తుందా? దుంపలు నాటే వారం. శవపెట్టె పొలిమేర దాటేదాకా మన టౌన్‌ల్యాండ్‌లో ఒక్కడు పార ముట్టలేదు. విత్తనపు దుంపలు గోతాల్లోనే కుళ్ళాయి. ఎవడూ గొణగలేదు. టౌన్‌ల్యాండ్ అంటే అదే కదా. పొలిమేర లోపల ఒకరు పోతే అందరి చేతులూ ఆగాలి. ఆగకపోతే అది ఉత్త గడ్డి, దానికి పేరెందుకు?

సాయంత్రం అందరూ జాగారానికి వచ్చారు. చొక్కాలకి గడ్డి విత్తులు. మోకరించి జపమాల చెబుతుంటే నేల మీద రాలాయి. వాళ్ళు వెళ్ళాక ఊడ్చాను.

మీ బాయిల్‌లో సమాధి రాళ్ళు చెక్కే ఆయన ఉన్నాడన్నావు. రాయి చేయించు. సబీనా మెక్‌గౌరన్, డ్రమ్‌గాలన్. అంతే చాలు. దేవదూతలూ పువ్వులూ వద్దు. డ్రమ్‌గాలన్ అన్నది మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి. ప్రతి ఆదివారం గుడికి పోయే దారిలో లూక్ ఫీలీ కళ్ళలో పడాలి.

ఆవు బాగుంది.

నీ అన్న
థేడీ


బాయిల్
17 జూలై

అన్నయ్యా,

నీ ఉత్తరం వంటింట్లో అంట్ల మధ్య నిలబడి చదివాను. ఫాదర్ గంట కొడుతూనే ఉన్నారు, సూపు ఏదీ అని. వినపడలేదు నాకు.

తంతి ఇస్తే వచ్చేదాన్నో రానో నేను తేల్చుకునేదాన్ని. అది కూడా నువ్వే తేల్చేశావు. చిన్నప్పుడు నా బొమ్మకి పేరు కూడా నువ్వే పెట్టావు. పోనీ.

వదిన క్రిస్మస్‌కి పంపిన ఉన్ని మేజోళ్ళు ఇప్పుడు కాళ్ళకే ఉన్నాయి. జూలై అయినా వేసుకున్నాను. ఆవు బాగుందని రాశావు. నువ్వెలా ఉన్నావో రాయలేదు.

లూక్ ఎందుకలా చేశాడో నాకు తెలుసు. బాడవకి పోయే దారి గేటుకి నువ్వు తాళం వేసి, వాళ్ళ పొయ్యిలో కట్టెల బదులు కాల్చే మట్టిపెళ్ళలు తెచ్చుకోనివ్వకుండా చేసిన గొడవ. నీ నోరు నాకు తెలియనిదా? నువ్వు నాటినదే మొలిచింది, కాకపోతే వదిన శవం మీద మొలిచింది. ఊరంతా ఒక్కటై పని ఆపలేదంటే ఎంత కడుపుమంట ఉండాలి వాళ్ళకి!

నువ్వు జన్మలో క్షమాపణ అడగవు. అందుకని నీ తరఫున నేనే లూక్‌కి రాశాను, మా అన్న తప్పు మన్నించు బాబూ అని. ఉత్తరం ఈపాటికి అందే ఉంటుంది. వాడొస్తే మర్యాదగా కూర్చోబెట్టి టీ పొయ్యి.

రాయి సంగతి నేను చూసుకుంటాను. ఆ పని చేసే ముసలాయన మితభాషి, నీకు నచ్చుతాడు.

నీ కోసం జపమాల చెప్పుకుంటున్న
దీలియా


డ్రమ్‌గాలన్
26 జూలై

దీలియా,

క్షమించమని రాశావా? నా పేరున? నీకెవరిచ్చారు నా పేరు?

గేటు గొడవ ఆ ఏడు సంతలోనే తీరిపోయింది. నేనూ లూకూ తాగి ఒకరి భుజం మీద ఒకరు పడి ఇంటికొచ్చాం. సబీనా ఇద్దర్నీ తిట్టింది. నీకు అది ఎవరూ రాయలేదు. గొడవైతేనే రాస్తారు జనం.

ఈసారి నేను రాస్తాను. కింద చదువు.

మంగళవారం లూక్ వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. గుమ్మంలోనే నిలబెట్టాను.

"మామా, గేటు సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా? దీలియమ్మ అట్లా రాసిందేంటి?"

"గేటు ఎవడికి కావాలి? నా పెళ్ళాం మంచం మీదుంటే నీ మిషను ఎందుకాగలేదు?"

వాడు నోరు తెరిచాడు. "కొరబెగ్‌లో చావుకి మేం పనాపడమేంటి మామా?"

"కొరబెగ్ ఏంట్రా?"

"నీ ఇల్లే. ఏరు నీ గుమ్మం ముందునుంచి పోతోంది కదా. ఏరేగా పొలిమేర. ఆ వరద దగ్గర్నించీ నువ్వు అటు మనిషివే అనుకుంటున్నాం."

మూడేళ్ళ కిందటి వరద నీకు రాశాను. అంతకు ముందు ఏరు మన ఇంటి వెనకనుంచి పోయేది. ఆ రాత్రి గట్టు తెంచుకుని ముందునుంచి దారి చేసుకుంది. రెండు చెక్కలు వేసుకుని దాటుతున్నాం. అంతే జరిగింది. నీళ్ళు కదిలాయి. ఇల్లు కదల్లేదు.

వాడితో అన్నాను, మ్యాపు గీయడానికి సిపాయిలు కొలత గొలుసులు మోసుకుని వచ్చినప్పుడు రెండు ఊళ్ళ పెద్దలూ ఒప్పుకుని ముందు నడవమన్నది ఎవర్నిరా, మీ తాతనా మా తాతనా? మా తాతే కర్రతో చూపిస్తూ నడిచాడు, ఇది డ్రమ్‌గాలన్, అది కొరబెగ్ అని. ఆయన అడుగు పడ్డచోట గీత పడింది. అంతకు వెయ్యేళ్ళ ముందు నుంచీ అది ఆవులకి కూడా తెలుసు. వానొచ్చిందని పొలిమేర నడుస్తుందిరా?

"నిజమే మామా," అన్నాడు. "కానీ రోజూ చూసేది నీళ్ళనే కదా. గీత ఎవడు చూశాడు?"

"కొరబెగ్ వాళ్ళు ఆపారా మరి?"

"లేదు. అదే మేమూ అనుకున్నాం, ఎంత సిగ్గులేని జనం, తమ ఊళ్ళో శవాన్ని పెట్టుకుని గడ్డి కోస్తున్నారు అని. జాగారం నుంచి ఇంటికి పోతూ దారంతా వాళ్ళనే తిట్టుకున్నాం."

అదీ సంగతి. ఏటికి అటు మిషను, ఇటు మిషను. మధ్యలో సబీనా. ఎవరి చావూ కాదు.

లూక్ టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "నువ్వు చెప్పు మామా. నువ్వు ఏ ఊరంటే ఆ ఊరు. ఇక మీదట దానికే కట్టుబడతాం." ఇక మీదట ఎవరు చావాలి ఈ ఇంట్లో, నేను కాక? తలుపేశాను. టీ పొయ్యలేదు.

రాయి తొందరగా చేయించు. డ్రమ్‌గాలన్.

కోళ్ళు గుడ్లు పెట్టడం తగ్గించాయి. ఆమె గొంతుకి అలవాటు పడ్డాయి.

నీ పేరు ఎప్పుడూ వాడుకోని
థేడీ


బాయిల్
2 ఆగస్టు

అన్నయ్యా,

తప్పయింది. ఆ మాట ముందే రాసేస్తే నువ్వు మిగతాది చదువుతావని మొదట్లోనే రాస్తున్నాను.

ఫాదర్ గదిలో మన జిల్లా మ్యాపు ఒకటి చుట్టి ఉంది. దుమ్ము దులిపి, ఆయన భూతద్దం అడిగి తీసుకుని వెతికాను. మన ఇల్లు నల్ల చుక్కలా ఉంది. గీత ఇంటి వెనకనుంచే పోతోంది, పాత ఏటి మీదుగా. నువ్వన్నదే సరి. ఫాదర్ కూడా వంగి చూసి "మీ తాతగారు బాగా నడిచారమ్మా" అన్నారు. జ్వరం తగ్గాక ఆయనకి హాస్యం వచ్చింది, తిండి సయించడం లేదు గానీ.

రాతిపనాయనకి డ్రమ్‌గాలన్ అని చెప్పేశాను. రాయి మంచిది, బూడిద రంగు. పని మొదలుపెట్టాడు.

లూక్ నాకు జవాబు రాశాడు. నీ గుమ్మంలో జరిగినదంతా రాసి, పాపం చాలా బాధపడ్డాడు. వాడి మీద మరీ అంత కోపం వద్దన్నయ్యా. వాడికి ఏరు ఒక్కటే కాదు కదా కారణం. ఈ వసంతంలో అక్కడి ఫాదర్ టౌన్‌ల్యాండ్‌కొక ఇంట్లో జరిపే పూజలకి వచ్చినప్పుడు వదిన కొరబెగ్ పూజకి వెళ్ళిందట, వాళ్ళ పుట్టింట్లోనే అయిందట కదా ఈసారి. ఏ టౌన్‌ల్యాండ్ మనిషి ఆ టౌన్‌ల్యాండ్ పూజలోనే మోకరిస్తారు, అది చిన్నపిల్లలకీ తెలుసు. పైగా తను కొరబెగ్ మనిషినైపోయానని అక్కడ అందరి ముందూ అందట. ఆ మాట ఏరు దాటి డ్రమ్‌గాలన్‌కి చేరింది. వాళ్ళు నమ్మారు. ఇదంతా నీకు తెలిసిందే అయ్యుంటుంది, నేనెందుకు రాస్తున్నానో.

రాత్రిళ్ళు దుప్పటి కప్పుకో. వదిన లేదు చెప్పడానికి.

నీ చెల్లి
దీలియా


డ్రమ్‌గాలన్
16 ఆగస్టు

దీలియా,

నాకు తెలీదు.

కొరబెగ్‌లో పూజ అయిన పొద్దున నేను దూడని సంతకి తోలుకెళ్ళాను. మన డ్రమ్‌గాలన్ పూజ ఆ తర్వాత వారం, లూక్ ఇంట్లో. దానికి ఆమె రాలేదు. కీలు నొప్పి అంది. నేనొక్కడినే వెళ్ళి మోకరించి వచ్చాను. మీ ఆవిడేదీ అని ఎవరూ అడగలేదు. అప్పుడు నాకు అనుమానం రావలసింది.

నీ ఉత్తరం వచ్చాక కొరబెగ్ వెళ్ళాను. ఆమె అన్న పెళ్ళాం వినీని ఎరుగుదువు కదా నువ్వు, ఆ నోరు గల మనిషి. మొగుడు పోయాక కూడా నోరు తగ్గలేదు. ఆ ఇంటికి వెళ్ళాలంటే ఇప్పుడు చెక్కలు దాటక్కర్లేదు. నేరుగా గట్టి నేల. ఆ సంగతి అంతకు ముందు నేను ఆలోచించలేదు.

వినీ కోళ్ళకి గింజలు వేస్తోంది.

"రా అన్నయ్యా. ఏటి ఇవతలికి వచ్చి మూడేళ్ళయింది, ఇవాళా తీరింది నీకు?"

"సబీనా ఇక్కడ పూజకి వచ్చిందా?"

"వచ్చింది. రాకేం చేస్తుంది? నీ చెక్కల మీద నడవలేక రెండుసార్లు నీళ్ళలో పడబోయిందట. కీలు వంగాలి కదా దానికి. ఇటైతే పిల్లలు కూడా నడిచే దారి."

"నాతో అనలేదే."

"అంటే ఏం చేసేవాడివి? మీ తాత ఎక్కడ నడిచాడో చెప్పేవాడివి."

నేను గోడకి ఆనుకున్నాను. "అందరి ముందూ ఏమంది?"

వినీకి నవ్వొచ్చింది. "నలభై ఏళ్ళు పట్టింది వదినా, చివరికి ఏరే జాలిపడి నన్ను పుట్టింటికి తోలుకొచ్చింది అంది. ఇల్లంతా ఒకటే నవ్వు. ఫాదర్ టీ కప్పు కింద పెట్టేసి నవ్వాడు."

"మరి నీ ఊరివాళ్ళు పనెందుకు ఆపలేదు?"

ఆమె నవ్వు ఆగింది. గింజల బకెట్ కింద పెట్టింది. "అది నవ్వులాట కదా అన్నయ్యా. అది నీ పెళ్ళాం, డ్రమ్‌గాలన్ మనిషి. ఆ పేరు నీ నోట వినని ఆదివారం ఉందా మాకు? మా మనిషే అని పనాపితే, ఎవడ్రా మీలో కలుపుకుంది అని కర్ర పట్టుకొస్తావని భయపడ్డాం. నేను గొడ్ల కొట్టంలోకి పోయి ఏడ్చాను. మావాళ్ళు కోస్తూనే ఉన్నారు."

అటువాళ్ళు ఆ మాట నిజమనుకున్నారు. ఇటువాళ్ళు నవ్వులాట అనుకున్నారు. ఆమె దేనికన్నదో నాకు తెలీదు. అడగడానికి మనిషి లేదు. నలభై ఏళ్ళు ఒక కంచంలో తిన్నాం. ఏటి మీద చెక్కలు రెండున్నాయి, మూడోది వేయడానికి కొట్టంలో చెక్క ఉంది. ఇప్పుడూ ఉంది.

ఇంటికొచ్చి కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. గడియారం ఆపింది ఆపినట్టే ఉంది, మళ్ళీ తిప్పలేదు నేను.

రాయి ఆపు.

థేడీ


బాయిల్
21 ఆగస్టు

అన్నయ్యా,

ఆపు అని రెండక్షరాలు రాస్తే ఆగడానికి అది నీ గుర్రబ్బండి కాదు. రాయి చెక్కడం అయిపోయింది. బుధవారం లారీలో ఎక్కించారు. నీ ఉత్తరం గురువారం వచ్చింది. నువ్వు ఇది చదివేసరికి రాయి వదిన మీద నిలబడి ఉంటుంది.

నేను మూడు పూటలు ఆలోచించాను నీకేమైందో. చచ్చిపోయిన మనిషి మీద అలిగావు, అంతే. నీకు చెప్పకుండా పూజకి వెళ్ళిందని, నీ ఊరిని నవ్వులాట చేసిందని, ఆ పేరు పక్కన ఆమె పేరు ఉండటం తగదనుకుంటున్నావు. అన్నయ్యా, ఆమె నీ ఇంట్లో నలభై ఏళ్ళు రొట్టె కాల్చింది. డ్రమ్‌గాలన్ అన్న మాటకి ఆమె కంటే హక్కు ఎవరికుంది? నిలబడి ఉన్న రాయిని పీకిస్తావా? పీకిస్తే ఇక నాకు ఉత్తరం రాయకు.

నువ్వు చెప్పిన మాటలే చెక్కించాను. పెద్దక్షరాల్లోనే. కింద నీకు చోటు వదిలించాను. నీ పేరుకీ ఊరికీ సరిపోతుంది, ఆయన కొలిచే వదిలాడు.

ఫాదర్ ఈ మధ్య పొద్దున్నే లేచి తిరుగుతున్నారు. గుడ్డు తింటున్నారు.

ఏడుపు ఆపుకుని రాస్తున్న
దీలియా


కొరబెగ్
20 సెప్టెంబరు

దీలియా,

రాయి పీకించలేదు. అలగలేదు. నువ్వు ఎప్పుడూ నా మాటకి ఒక మాట ఎక్కువే చదువుతావు.

వినీ పోయింది. సోమవారం పొద్దున్నే, కోళ్ళ మధ్య. బకెట్ చేతిలోనే ఉందట.

ఆ రోజు ఎండ కాసింది. ఈ వేసవి వానల్లో ఎట్లా పోయిందో నీకూ తెలుసు. దిగువ మడిలో ఆఖరి గడ్డి కోసి పరిచి ఉంది. రెండుసార్లు తిరగేసి సాయంత్రానికి కుప్పలేస్తే అయిపోయేది. ఆవుకి చలికాలం గడిచేది. నేను పంగలకర్ర పట్టుకుని మళ్ళోకి దిగాను, అప్పుడే కొరబెగ్ కుర్రాడొకడు గట్టు మీంచి కబురు చెప్పి పోయాడు.

నిలబడ్డాను. కొరబెగ్ వైపు చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. ముందు మిషను ఆగింది. తర్వాత ఎక్కడో సుత్తి ఆగింది. అట్లా ఆగడం విని చాలా కాలమైంది.

పంగలకర్ర తీసుకెళ్ళి గోడకి ఆనించాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం లూక్ ఏటికవతల్నించి కేకేశాడు.

"మామా, గడ్డి తిరగెయ్యవేం? మబ్బు పడుతోంది చూడు!"

"కొరబెగ్‌లో చావు."

"తెలుసు. నువ్వు కొరబెగ్ కాదన్నావు కదా!"

"ఇప్పుడంటున్నా."

వాడు ఏటి దాకా వచ్చాడు. ఒంట్లో బాగుందా అన్నట్టు చూశాడు. "మరి ఆ గీత? మీ తాత?"

"తాతకి కీళ్ళ నొప్పి లేదురా."

వాడికి అర్థం కాలేదు. వాడి గడ్డికి వాడు పోయాడు. వాడి మిషను ఆగలేదు. ఆగకూడదు, వాడిది వేరే టౌన్‌ల్యాండ్. వింటూ కూర్చున్నాను.

మంగళవారం వాన. బుధవారం వినీని పూడ్చేటప్పటికి మడి నిండా నీళ్ళు. గడ్డి నల్లబడింది. చలికాలానికి ఆవుని అమ్మేయాలి. కొరబెగ్ వాళ్ళు నా గడ్డి చూశారు, నా మొహం చూశారు. పెట్టె మోసేటప్పుడు ముందు కొమ్ము దగ్గర చోటిచ్చారు. ఆ మోత ఆ ఊరివాళ్ళకే ఇస్తారు.

శ్మశానంలో రాయి చూశాను. బాగా చెక్కాడు ఆయన. డ్రమ్‌గాలన్ రోడ్డు మీంచి కనపడుతోంది, నేను అడిగినట్టే. అట్లాగే ఉండనీ. ఆమెని ఆ ఊళ్ళో ఉంచింది నేనే, రాయి మీద కూడా నేనే ఉంచాను.

నువ్వు వదిలించిన చోటు కూడా చూశాను. నా పేరు పడే రోజున దాని పక్కన కొరబెగ్ అని వేయించు. ఆయన కొలతకి సరిపోతుంది, చిన్న పేరే. మొగుడిదీ పెళ్ళాందీ వేరే ఊళ్ళేంటని జనం అడుగుతారు. నవ్వితే నవ్వనీ, ఆమెకి నవ్వించడం ఇష్టం.

ఇది లూక్‌కి నువ్వు రాయకు. నేనే చెప్తాను. నా చావుకి వాడు మిషను ఆపనక్కర్లేదు.

గడియారం తిప్పాను. నేనెలా ఉన్నానని మొదట్లో అడిగావు. ఇంకా తెలీదు.

ఏటికి ఇవతలి నుంచి
థేడీ